చుక్కల పురిటింట కర్బన రసాయనం

నక్షత్రం కళ్లు తెరవకముందే దాని చుట్టూ ఆల్కహాళ్లు, ఆమ్లాలు, చక్కెరల తోబుట్టువులు తయారవుతున్నాయి. జీవానికి కావాల్సిన ముడిసరుకు గ్రహాలకంటే ముందే పుడుతోందన్నది ఇవాళ్టి ఖగోళ రసాయన శాస్త్రం తేల్చిన సంగతి. ఆ అన్వేషణలో హైదరాబాద్ నుంచి ఎగిరిన బెలూన్లకూ, వాటి దారికి చుట్టుపక్కల ఉన్న చేవెళ్ల, మొయినాబాద్, వికారాబాద్ పల్లెలకూ చోటుంది.

నక్షత్రం పుట్టేది ఉత్త శూన్యంలో కాదు. చల్లటి వాయువూ సన్నటి ధూళీ కలిసిన మేఘం దాని పుట్టిల్లు. బరువు లెక్కన చూస్తే ఆ మేఘంలో నూటికి 99 పాళ్లు వాయువే, ధూళి ఒక్క పాలు. వాయువులో సింహభాగం హైడ్రోజన్, తర్వాతి స్థానం హీలియానిది. కర్బనం, ఆక్సిజన్, నైట్రోజన్ పరమాణువులు హైడ్రోజన్‌తో పోలిస్తే వెయ్యికి ఒకటి కూడా ఉండవు. మేఘం నడిబొడ్డున ఉష్ణోగ్రత సున్నాకు 263 డిగ్రీల సెల్సియస్ దిగువన ఉంటుంది. అక్కడి పలచదనం భూమ్మీద ప్రయోగశాలల్లో సృష్టించే గొప్ప శూన్యంతో పోల్చదగ్గది.

అంత చలిలో, అంత పలచటి చోట రసాయన చర్యలు జరగవనే చాలాకాలం అనుకున్నారు. కానీ నక్షత్రాల మధ్య ప్రదేశంలోనూ, నక్షత్రాల చుట్టూ ఇప్పటివరకు గుర్తించిన అణువుల సంఖ్య 300 దాటింది. వాటిలో ఎక్కువ భాగం కర్బనం ఉన్నవే. ఆరు, అంతకు మించి పరమాణువులున్న కర్బన అణువులను శాస్త్రవేత్తలు సంక్లిష్ట కర్బన అణువులు అంటారు. అవి దండిగా కనిపించే చోటు అప్పుడే పుడుతున్న నక్షత్రాల పరిసరాలే.

వెలుగులో వేలిముద్రలు

వందల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న అణువును ఎవరూ వెళ్లి తీసుకురాలేరు. దాని వెలుగే దాని చిరునామా. అణువులు గిర్రున తిరుగుతాయి, కంపిస్తాయి. ఒక భ్రమణ స్థితి నుంచి మరో స్థితికి దిగినప్పుడు కచ్చితమైన పౌనఃపున్యంలో రేడియో తరంగాన్ని వదులుతాయి. ఇక కంపనాల ఆనవాళ్లు పరారుణ కాంతిలో దొరుకుతాయి. ఏ రెండు అణువుల రేఖల వరుసా ఒకేలా ఉండదు. ప్రయోగశాలలో కొలిచిన రేఖలను టెలిస్కోప్‌కు చిక్కిన రేఖలతో సరిపోల్చి, చాలినన్ని రేఖలు కలిస్తే తప్ప అణువును గుర్తించినట్టు లెక్కలోకి తీసుకోరు.

1969లో అమెరికాలోని గ్రీన్ బ్యాంక్ రేడియో టెలిస్కోప్‌తో ఫార్మాల్డిహైడ్‌ను కనుక్కోవడంతో ఈ శాఖకు ఊపొచ్చింది. నక్షత్రాల మధ్య దొరికిన మొదటి బహుపరమాణుక కర్బన అణువు అదే. మరుసటి ఏడాది కార్బన్ మోనాక్సైడ్, మిథనాల్ బయటపడ్డాయి.

అణువుల వెలుగు చదివే విద్యలో తెలుగువారి పాత్ర పాతదే. కలకత్తాలో సి.వి. రామన్ దగ్గర పనిచేసిన సూరి భగవంతం ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యుడై, తర్వాత ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపకులపతి అయ్యారు. టి. వెంకటరాయుడుతో కలిసి ఆయన రాసిన, సమూహ సిద్ధాంతాన్ని భౌతిక సమస్యలకు అన్వయించే గ్రంథం 1948లో వెలువడింది. అణువుల కంపనాలను లెక్కగట్టే పద్ధతిని అది విద్యార్థులకు నేర్పింది. తెలుగు నేల నుంచి అమెరికా వెళ్లిన కె. నరహరి రావు ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో పరారుణ వర్ణపటాలను అతి సూక్ష్మంగా కొలిచారు. అప్పట్లో కొలంబస్ నగరంలో ఏటా జరిగిన అంతర్జాతీయ అణు వర్ణపట సదస్సును దశాబ్దాలపాటు నడిపించారు. ఆ సదస్సులో ఉత్తమ ప్రసంగం చేసిన పరిశోధక విద్యార్థులకు ఇప్పటికీ ‘రావు ప్రైజ్’ ఇస్తున్నారు. ఖగోళ రసాయన శాస్త్రవేత్తలకు అది ఏటా కలుసుకునే ముఖ్య వేదిక.

ధూళి రేణువు మీద సంత

మేఘంలోని ధూళి రేణువు పరిమాణం మిల్లీమీటరులో పదివేలో వంతు, అంటే తల వెంట్రుక మందంలో దాదాపు వెయ్యో వంతు. లోపల సిలికేట్ లేదా కర్బనం, పైన మంచు పూత. వాయువులో ఒంటరిగా తిరిగే రెండు పరమాణువులు ఎదురుపడటం అరుదు. ఎదురుపడినా, కలయికలో పుట్టిన వేడిని వదిలించుకునే దారి లేక మళ్లీ విడిపోతాయి. రేణువు ఆ రెండు ఇబ్బందులనూ తీరుస్తుంది. వేర్వేరు ఊళ్లవాళ్లను ఒకచోట చేర్చే వారసంతలా పరమాణువులకు అది కలుసుకునే చోటు. పైగా పుట్టిన వేడిని తానే పీల్చుకుంటుంది.

ముందుగా ఆక్సిజన్, హైడ్రోజన్ కలిసి రేణువు మీద నీటి మంచు కడతాయి. మేఘం ఇంకా చిక్కబడి చల్లబడ్డాక కార్బన్ మోనాక్సైడ్ కూడా గడ్డకట్టి దానిమీద పొరగా పరుచుకుంటుంది. ఇక్కడే అసలు కథ మొదలవుతుంది. అంత చలిలోనూ కదలగలిగింది తేలికపాటి హైడ్రోజన్ పరమాణువు ఒక్కటే. అది కార్బన్ మోనాక్సైడ్‌తో కలవడానికి అడ్డుగా ఒక శక్తి గట్టు ఉంది. ఆ గట్టు ఎక్కేంత వేడి దానికి లేదు. అయినా క్వాంటం నియమాల పుణ్యమా అని గట్టులోంచి దూరి అవతలికి చేరుతుంది. ఒక హైడ్రోజన్ చేరితే ఫార్మైల్, రెండు చేరితే ఫార్మాల్డిహైడ్, నాలుగు చేరితే మిథనాల్.

ఇది కాగితం మీది లెక్క మాత్రమే కాదు. జపాన్‌లోని హొక్కైడో విశ్వవిద్యాలయంలో వతనబె, కౌచి 2002లో మేఘం చలిని ప్రయోగశాలలో సృష్టించి, కార్బన్ మోనాక్సైడ్ ఉన్న మంచు మీద హైడ్రోజన్ పరమాణువులను చల్లారు. ఫార్మాల్డిహైడ్, మిథనాల్ రెండూ వచ్చాయి. మేఘాల్లో కనిపించేంత మిథనాల్ ఉత్త వాయువులో తయారు కాలేదు కాబట్టి, దాని పుట్టుక మంచు మీదేనన్న వాదన ఆ ప్రయోగంతో బలపడింది. దారిలో పుట్టే అసంపూర్ణ ముక్కలు ఒకదానితో ఒకటి కలిస్తే ఇంకా పెద్ద అణువులు వస్తాయి. 2021లో ప్రచురితమైన ప్రయోగాల్లో, అతినీలలోహిత కాంతి ఏమీ తగలకుండానే మంచులో గ్లైసీన్ ఏర్పడగలదని తేలింది. అమైనో ఆమ్లాలన్నిటిలోకీ సరళమైనది అదే.

వాయువు కూడా ఊరికే ఉండదు. కృత్తిక, రోహిణి నక్షత్రాల పరిసరాల్లో, వృషభ రాశి మేఘంలో టీఎంసీ–1 అనే చీకటి గడ్డ ఉంది. దూరం సుమారు 430 కాంతి సంవత్సరాలు. అందులో ఇంకా నక్షత్రమే పుట్టలేదు. అయినా పొడవాటి కర్బన గొలుసులు, 2018లో బెంజీన్ వలయమున్న బెంజోనైట్రైల్, 2024లో నాలుగు వలయాల పైరీన్‌కు చెందిన సయనోపైరీన్ అక్కడ దొరికాయి.

జ్యేష్ఠ పక్కన కొత్త సూరీళ్లు

మేఘం తన బరువుకు తాను కుంగుతూ నడుమ వేడెక్కుతుంది. శిశు నక్షత్రం చుట్టూ ఉష్ణోగ్రత మైనస్ 173 డిగ్రీలకు చేరేసరికి నీటి మంచు ఆవిరై, అందులో దాగిన అణువులన్నీ ఒక్కసారిగా వాయువులోకి వస్తాయి. మన కొలతకు అది భయంకరమైన చలే అయినా మేఘం లెక్కలో ఉడుకు. భారీ నక్షత్రాల చుట్టూ ఉండే ఇలాంటి చోట్లను ‘హాట్ కోర్’లనీ, సూర్యుడంతటి నక్షత్రాల చుట్టూ ఉండే చిన్నవాటిని ‘హాట్ కొరినో’లనీ పిలుస్తారు.

వృశ్చిక రాశిలో ఎర్రగా మెరిసే జ్యేష్ఠ నక్షత్రానికి ఉత్తరంగా రెండు డిగ్రీల దూరంలో, ఐరాస్ 16293–2422 అనే శిశు నక్షత్రాల జంట ఉంది. కంటికి కనిపించదు, దట్టమైన ధూళి కప్పేసింది. భూమి నుంచి దాని దూరం సుమారు 460 కాంతి సంవత్సరాలు. సూర్యుడివంటి నక్షత్రాలు పసితనంలో ఎలా ఉంటాయో తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు ఎక్కువగా చూసే చోటు ఇదే. 2003లో ఇక్కడ ఫార్మిక్ ఆమ్లం, మిథైల్ ఫార్మేట్, డైమిథైల్ ఈథర్ వంటివి కనిపించి, చిన్న నక్షత్రాల చుట్టూ కూడా ఇంత రసాయనం ఉందా అని ఆశ్చర్యపరిచాయి.

2012లో చిలీ ఎడారిలో అయిదు వేల మీటర్ల ఎత్తున ఉన్న అల్మా టెలిస్కోపుల వరుస ఈ జంట దగ్గర గ్లైకాలాల్డిహైడ్‌ను పట్టుకుంది. చక్కెరల కుటుంబంలో అతి సరళమైన అణువు ఇది. ఆర్‌ఎన్‌ఏ ఏర్పడే దారిలో ఒక మెట్టుగా దీన్ని భావిస్తారు. అది దొరికిన చోటు నక్షత్రం నుంచి సూర్యుడికీ యురేనస్‌కూ ఉన్నంత దూరంలోనే ఉంది. అంటే రేపు గ్రహాలు ఏర్పడబోయే మేరలోనే. 2017లో అక్కడే మిథైల్ ఐసోసయనేట్ కూడా దొరికింది. ప్రొటీన్లలో అమైనో ఆమ్లాలను కలిపే బంధాన్ని పోలిన అమరిక దానిలో ఉంది.

మంచు ఆవిరయ్యాక దొరికే అణువులు మంచులోనే ఉన్నాయా, ఆవిరయ్యాక పుట్టాయా అన్న ప్రశ్నకు జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోప్ జవాబు వెతుకుతోంది. 2024లో వెలువడిన ఫలితాల్లో, రెండు శిశు నక్షత్రాల చుట్టూ ఉన్న మంచులోనే ఇథనాల్‌తో పాటు, వెనిగర్‌కు పులుపునిచ్చే ఎసిటిక్ ఆమ్లపు జాడలూ కనిపించాయి. పెద్ద అణువుల్లో కొన్నైనా ఘన రూపంలోనే పుడుతున్నాయనడానికి ఇది గట్టి ఆధారం.

హైదరాబాద్ బెలూన్ చదివిన కర్బనం

నక్షత్రం భారీదైతే కథ మరో మలుపు తిరుగుతుంది. దాని అతినీలలోహిత కాంతి చుట్టూ ఉన్న మేఘం అంచును కొరుకుతుంది. హైడ్రోజన్‌ను అయాన్‌గా మార్చలేని బలహీనమైన కిరణం కూడా కర్బనం నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టగలదు. అలా ఏర్పడిన కర్బన అయాన్ 158 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర పరారుణ కాంతిని వెదజల్లుతుంది. మేఘం వేడిని బయటికి పంపి చల్లబరిచే ప్రధాన మార్గాల్లో ఈ రేఖ ఒకటి. ఎక్కడ కర్బనం అయాన్‌గా ఉందో, ఎక్కడి నుంచి కర్బన రసాయనం మొదలవుతుందో చెప్పేదీ అదే.

చిక్కేమిటంటే, ఈ కాంతి నేలకు చేరదు. గాలిలోని నీటి ఆవిరి దాన్ని మింగేస్తుంది. అందుకే దాన్ని చూడాలంటే వాతావరణంలో అధిక భాగాన్ని కింద వదిలి పైకెళ్లాలి.

హైదరాబాద్‌లో ఈసీఐఎల్ ప్రాంతంలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ బెలూన్ కేంద్రం ఆ పని చేసింది. విశ్వకిరణాల అధ్యయనం కోసం హోమీ భాభా మొదలుపెట్టిన బెలూన్ ప్రయోగాల పరంపరకు 1969లో హైదరాబాద్‌లో శాశ్వత కేంద్రం ఏర్పడింది. ఇక్కడి నుంచి ఎగిరిన పరికరాల్లో వంద సెంటీమీటర్ల అద్దమున్న పరారుణ టెలిస్కోప్ ఒకటి.

బెలూన్ గుడ్డతో చేసింది కాదు. పలచటి పాలిథిన్ పొరతో చేసింది. పూర్తిగా ఉబ్బితే 50 నుంచి 85 మీటర్ల వ్యాసం. నేల మీద మాత్రం పైభాగంలో కొద్దిగానే హైడ్రోజన్ నింపుతారు. పైకి పోయేకొద్దీ బయటి పీడనం తగ్గి అదే ఉబ్బుతుంది. కింద పారాచూట్, దాని కింద టెలిస్కోప్. నేల దగ్గర గాలి నెమ్మదించే వేళ చూసి రాత్రి నుంచి తెల్లవారుజాము మధ్య వదులుతారు. 30 నుంచి 42 కిలోమీటర్ల ఎత్తుకు చేరాక టెలిస్కోప్ ఆకాశాన్ని జల్లెడ పడుతుంది. దానిలోని గ్రాహకాన్ని ద్రవ హీలియంతో చల్లబరుస్తారు. లేకపోతే పరికరం సొంత వేడే నక్షత్రాల సంకేతాన్ని ముంచేస్తుంది.

జపాన్ శాస్త్రవేత్తలు 158 మైక్రాన్ల రేఖ కోసమే తయారుచేసిన ఫాబ్రీ–పెరో వర్ణపటమాపకాన్ని ఈ టెలిస్కోప్‌కు అమర్చారు. భాస్వతి మూకర్జియా, ఎస్.కె. ఘోష్, డి.కె. ఓఝా, టి.ఎన్. రెంగరాజన్, ఆర్.పి. వర్మ, జపాన్ సహచరులు కలిసి ఓరియన్ మేఘంలో కర్బన అయాన్ విస్తరణను పెద్ద మేర పటం గీసి 2003లో ప్రచురించారు. తర్వాత ఆర్‌సీడబ్ల్యూ 36 వంటి ఇతర నక్షత్ర జన్మస్థానాలనూ అదే పద్ధతిలో చదివారు.

ఓరియన్ మేఘాన్ని చూడటం కష్టం కాదు. శీతాకాలపు రాత్రి మృగశిర, ఆర్ద్ర నక్షత్రాలున్న వేటగాడి రాశిలో, నడుముగా కనిపించే మూడు చుక్కల కిందుగా మసకబారిన మచ్చలా ఉంటుంది. దూరం సుమారు 1,350 కాంతి సంవత్సరాలు. నగర దీపాలకు దూరంగా చేవెళ్ల దాటి వెళ్తే మామూలు కంటికీ ఆనుతుంది.

ఆ ఓరియన్‌లోనే 2023లో జేమ్స్ వెబ్ టెలిస్కోప్ కర్బన రసాయనంలో చాలాకాలంగా వెతుకుతున్న లంకెను పట్టుకుంది. కర్బన అయాన్ హైడ్రోజన్‌తో వరుసగా చర్య జరిపితే చివరకు ఒక కర్బనం, మూడు హైడ్రోజన్లున్న మిథైల్ అయాన్ వస్తుంది. హైడ్రోజన్‌తో అది ఇక అంత సులువుగా కలవదు; మిగతా అణువులతో కలిసి పెద్ద కర్బన అణువులకు దారి తీస్తుంది. 1970ల నుంచి సిద్ధాంతంలోనే ఉన్న ఈ అయాన్, డి203–506 అనే శిశు నక్షత్రం చుట్టూ తిరిగే పళ్లెంలో కనిపించింది. పక్కనున్న భారీ నక్షత్రాల అతినీలలోహిత కాంతి ఆ పళ్లెం మీద పడుతూనే ఉంది. అణువులను చిదిమేస్తుందని భయపడిన కాంతే కొత్త అణువుల పుట్టుకకు శక్తినిస్తోందన్నమాట. హైదరాబాద్ బెలూన్ చూసింది ఈ గొలుసులో మొదటి కొక్కెం. వెబ్ చూసింది దానికి రెండు మూడు కొక్కేల అవతలిది.

పళ్లెం నుంచి గ్రహానికి

కుంగుతున్న మేఘం చివరకు నక్షత్రం చుట్టూ తిరిగే చదునైన పళ్లెంగా మారుతుంది. గ్రహాలు అక్కడే పుడతాయి. పళ్లెంలో అణువులను పట్టుకోవడం మాత్రం కష్టం; చాలావరకు మళ్లీ మంచుగా గడ్డకట్టి ఉంటాయి. 2015లో ఎండబ్ల్యూసీ 480 నక్షత్రపు పళ్లెంలో మిథైల్ సయనైడ్, 2016లో టీడబ్ల్యూ హైడ్రే పళ్లెంలో మిథనాల్ దొరికాయి.

ఓరియన్ ప్రాంతంలోనే ఉన్న వీ883 ఓరియనిస్ ఒక అరుదైన అవకాశం ఇచ్చింది. ఆ నక్షత్రం ఉన్నట్టుండి వెలిగి పళ్లేన్ని వేడెక్కించడంతో, దూరంగా ఉండాల్సిన మంచు కూడా ఆవిరైంది. 2019లో అక్కడ మిథనాల్, ఎసిటోన్, ఎసిటాల్డిహైడ్ వంటి అయిదు అణువులు కనిపించాయి. 2023లో అదే పళ్లెంలోని నీటిలో భార హైడ్రోజన్ పాలు కొలిచారు. అది శిశు నక్షత్రాల చుట్టూ ఉండే నీటినీ, తోకచుక్కల నీటినీ పోలి ఉంది. మేఘంలో పుట్టిన నీరు పెద్దగా మారకుండానే పళ్లేనికీ, అక్కడి నుంచి తోకచుక్కలకూ వారసత్వంగా అందుతోందని దీని అర్థం.

మన సౌరకుటుంబంలోనూ సాక్ష్యాలున్నాయి. రోసెట్టా నౌక 67పీ తోకచుక్క చుట్టూ గ్లైసీన్‌ను, భాస్వరాన్ని గుర్తించినట్టు 2016లో ప్రకటించారు. 1969లో ఆస్ట్రేలియాలోని మర్చిసన్ దగ్గర పడిన ఉల్కలో పదుల కొద్దీ అమైనో ఆమ్లాలు దొరికాయి. బెన్నూ గ్రహశకలం మట్టి 2023 సెప్టెంబరులో భూమికి చేరింది. జీవులు ప్రొటీన్ల కోసం వాడే 20 అమైనో ఆమ్లాల్లో 14, డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏలలోని అయిదు క్షారాలూ అందులో ఉన్నాయని 2025 జనవరిలో వెల్లడైంది.

ఒక హద్దు మాత్రం మరువకూడదు. కర్బన అణువు ఉండటం వేరు, ప్రాణం ఉండటం వేరు. నక్షత్రాల మధ్య వాయువులో గ్లైసీన్ ఉన్నట్టు ఇప్పటికీ నిర్ధారణ కాలేదు. బెన్నూ అమైనో ఆమ్లాల్లో, అద్దంలో ప్రతిబింబాల్లాంటి ఎడమచేతి, కుడిచేతి రూపాలు దాదాపు సమానంగా ఉన్నాయి. భూమ్మీది జీవులేమో ప్రొటీన్లలో ఎడమచేతి రూపాన్నే వాడతాయి. ఆ ఎంపిక ఎలా జరిగిందన్నది తేలాల్సిన ప్రశ్న. సూక్ష్మజీవుల విషయంలోనూ అదే జాగ్రత్త అవసరం. హైదరాబాద్ నుంచి ఎగిరిన బెలూనే 2005లో 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తు నుంచి గాలి నమూనాలు తెచ్చింది. వాటిలో మూడు కొత్త బ్యాక్టీరియా జాతులు ఉన్నాయని 2009లో ప్రకటించారు. ఒకదానికి ఇస్రో పేరు, ఒకదానికి ఆర్యభట పేరు, మరొకదానికి ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హాయిల్ పేరు పెట్టారు. అవి అంతరిక్షం నుంచి వచ్చాయనడానికి మాత్రం ఆ ఫలితాలు రుజువు కావని ఇస్రో స్పష్టంగానే చెప్పింది.

చేలో దిగే పరికరం

బెలూన్ పని ముగిశాక పరికరం పెద్ద రంగుల పారాచూట్ మీద నేలకు దిగుతుంది. విశాఖపట్నం, హైదరాబాద్, షోలాపూర్‌లను కలిపే గీతకు అటూ ఇటూ, హైదరాబాద్ నుంచి 200 నుంచి 350 కిలోమీటర్ల మేరలో ఎక్కడైనా దిగవచ్చని కేంద్రం ప్రకటనలు చెబుతుంటాయి. కొన్ని దగ్గర్లోనే దిగుతాయి. 2022 డిసెంబరు 7న మొయినాబాద్, చేవెళ్ల మీదుగా వెళ్లే దారికి అవతల, వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలం మొగిలిగుండ్లలో పొలాల్లో ఒక పెద్ద గోళం దిగింది. వింత వస్తువు పడిందని చుట్టుపక్కల ఊళ్ల జనం ఎగబడ్డారు. అది హైదరాబాద్ కేంద్రం నుంచి ఎగిరిన, స్పెయిన్‌కు చెందిన హాలో స్పేస్ సంస్థ ప్రయోగాత్మక గుళిక అని తర్వాత తెలిసింది.

ఇలాంటి పరికరంలో నెలల తరబడి సర్దిన అద్దాలు, గ్రాహకాలు ఉంటాయి. తిరిగి దొరికితేనే మళ్లీ ఎగురుతుంది. ఒక్క తీగ తెగినా, ఒక్క అద్దం గీసుకున్నా ఏళ్ల కృషి ఆగిపోతుంది. కొన్ని భాగాల్లో అధిక విద్యుత్ వోల్టేజీ ఉంటుంది కాబట్టి ముట్టుకోవడం ప్రాణానికీ ప్రమాదమే. పరికరం మీద కేంద్రం చిరునామా, ఫోన్ నంబర్లు రాసి ఉంటాయి. సమాచారమిచ్చినవారికి తగిన పారితోషికం, అయిన ఖర్చులు చెల్లిస్తారు. పరికరాన్ని విప్పితే, పాడు చేస్తే పారితోషికం ఉండదు.

చేవెళ్ల, మొయినాబాద్, వికారాబాద్ రైతులారా, మీ చేలో ఎప్పుడైనా రంగుల పారాచూట్‌తో ఒక పెట్టె దిగితే దాన్ని విప్పకండి, పిల్లలను దగ్గరికి పోనివ్వకండి. దాని మీదున్న నంబరుకు ఫోన్ చేయండి, లేదా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కు చెప్పండి. శాస్త్రవేత్తలు వచ్చేదాకా దాన్ని కాపాడితే, ఆ పరిశోధనలో మీరూ భాగస్వాములే.